భూకంపాలు నేర్పిన పాఠాలు: మనం గుర్తుంచుకున్నవి, మరచిపోయినవి

భూకంపం వచ్చినప్పుడు ఏం చేయాలి? గట్టి బల్ల కిందికి దూరండి, తల కాపాడుకోండి, లిఫ్టు ఎక్కకండి, కిటికీలకు దూరంగా ఉండండి – ఈ మాటలు మీరు బడి గోడ మీదో, కార్యాలయం మెట్ల దగ్గరో, టెలివిజన్‌లోనో చదివే ఉంటారు. చదివి ముందుకు సాగిపోయి ఉంటారు. ఇవి ఎవరో ఒకరు ఒకనాడు కూర్చుని రాసిన నియమాలు కావు. గత రెండు వందల ఏళ్లలో మన ఉపఖండంలో వచ్చిన పెద్ద భూకంపాల శిథిలాల నుంచి ఒక్కొక్కటిగా ఏరుకున్నవి. ప్రతి నియమం వెనుక ఒక ఊరు ఉంది. ఆ ఊరు కూలిన తేదీ ఉంది, కూలిన గంట కూడా ఉంది.

ఈ వ్యాసంలో మనం ఆ చరిత్రను వరుసగా చూద్దాం. చూస్తూ రెండు ప్రశ్నలు మనసులో పెట్టుకుందాం. మొదటిది: దాదాపు ఒకే శక్తి గల రెండు భూకంపాల్లో ఒకచోట వందల మంది, మరొకచోట వేల మంది ఎందుకు చనిపోయారు? రెండవది: ఒక తరం ప్రాణాలిచ్చి నేర్చుకున్న పాఠాన్ని తరువాతి తరం ఎందుకు మరచిపోయింది?

నేల ఎందుకు కంపిస్తుంది?

ఆదిశేషుడు తల మార్చుకుంటే భూమి కదులుతుందని మన పెద్దలు చెప్పేవారు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూకంపాలకు ఒక అధ్యాయమే కేటాయించి, అప్పటికి ప్రచారంలో ఉన్న రకరకాల అభిప్రాయాలను పేర్కొన్నాడు. కారణం తెలియకపోయినా, భూకంపాన్ని గమనించి రాసిపెట్టాలన్న కోరిక మనవారికి కొత్తది కాదన్నమాట.

ఈనాడు మనకు తెలిసిన కారణం ఇది. భూమి పైపొర ఒకే ముక్క కాదు, కొన్ని పెద్ద ఫలకాలుగా విడిపోయి ఉంది. మన దేశాన్ని మోస్తున్న ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తర దిశగా కదులుతూ ఆసియా ఫలకాన్ని నెడుతోంది. ఆ ఒత్తిడికి లేచినవే హిమాలయాలు. రాతిలో ఈ ఒత్తిడి ఏళ్ల తరబడి పోగవుతుంది. రాయి ఇక ఓర్చుకోలేని చోట పగులు వెంట ఒక్కసారిగా జారుతుంది. అప్పుడు విడుదలైన శక్తి అలలుగా నలుదిక్కులా పరుగెడుతుంది. ముందు వచ్చే అల వేగమైనది, తేలికపాటి కుదుపు ఇస్తుంది. దాని వెనుక వచ్చే అల నెమ్మదైనది, కానీ ఇళ్లను పక్కలకు ఊపి కూల్చేది అదే. ఈ రెండింటి మధ్య మనకు దొరికే వ్యవధి కొద్ది సెకన్లు మాత్రమే. భూకంప నాభికి దగ్గరగా ఉంటే అదీ ఉండదు.

భూకంపం పరిమాణాన్ని చెప్పే అంకెలో ఒకటి పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. అంటే 6 పరిమాణం గల భూకంపానికీ, 8 పరిమాణం గల దానికీ తేడా సుమారు వెయ్యి రెట్లు. ఈ లెక్కను గుర్తుంచుకోండి. ముందుముందు పనికివస్తుంది.

కచ్ నుంచి షిల్లాంగు దాకా

1819 జూన్ 16న కచ్ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. రాన్ మైదానంలో 80 కిలోమీటర్లకు పైగా పొడవున నేల గట్టులా పైకి లేచింది. సింధు నది పాయకు అడ్డంగా దేవుడే కట్టిన కట్ట అన్న అర్థంలో స్థానికులు దానిని 'అల్లాబంద్' అన్నారు. దానికి దక్షిణాన సింద్రీ కోట ఉన్న నేల కుంగి నీట మునిగింది. భూకంపం వల్ల నేల రూపమే మారిపోతుందనడానికి ఇది కంటికి కనిపించే సాక్ష్యం. స్కాట్లండుకు చెందిన ప్రసిద్ధ భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయల్ తన గ్రంథంలో దీనిని ఉదాహరణగా చూపాడు.

భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 1851లో ఏర్పడింది. దాని మొదటి అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ మన దేశంలో వచ్చిన భూకంపాల పట్టికను తయారు చేయడం మొదలుపెట్టాడు. ఆ పని ఆయన మరణానంతరం కుమారుడు రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ చేతుల మీదుగా 1883లో అచ్చయింది. ఆ కుమారుడికే మన దేశపు అతి పెద్ద భూకంపాలలో ఒకదానిని పరిశీలించే బాధ్యత వచ్చింది.

అది 1897 జూన్ 12. సాయంత్రం ఐదు గంటల పదిహేను నిమిషాలు. పరిమాణం 8కి పైన. షిల్లాంగులో రాతి కట్టడాలు నేలమట్టమయ్యాయి. నేల మీది బండరాళ్లు తమ గుంటల నుంచి పైకి ఎగిరిపడ్డాయని ఓల్డ్‌హామ్ గమనించాడు. నేల కుదుపు భూమ్యాకర్షణ శక్తిని సైతం మించిందని దాని అర్థం. దూరదేశాల భూకంప లేఖినులు రాసిన గీతలను పోల్చి చూసి, వేర్వేరు వేగాలతో వచ్చే అలలను ఆయన విడదీసి చూపాడు. 1906లో అదే దారిలో ఇంకా ముందుకు వెళ్లి, భూమి మధ్యలో వేరే గుణం గల గర్భం ఉందని నిరూపించాడు. భూమి లోపలి సంగతి మానవజాతికి తెలియడంలో షిల్లాంగు శిథిలాలకు ఇలా వాటా ఉంది.

అంత పెద్ద భూకంపంలో చనిపోయినవారు సుమారు 1,500 మంది. ఎందుకింత తక్కువ? వేసవి సాయంత్రం కావడంతో చాలామంది ఇళ్ల బయట ఉన్నారు. పైగా పల్లెల్లో ఇళ్లు వెదురుతో, రెల్లుతో కట్టినవి. అవి ఊగాయి గాని మీద పడి చంపలేదు. అస్సాం ప్రజలు ఇది గమనించారు. చెక్క చట్రం, రెల్లు తడికలపై పలచని పూత, పైన తేలికైన రేకు కప్పు – ఇలా కట్టే 'అస్సాం తరహా ఇల్లు' ఆ తరువాత బంగళాలకూ, బళ్లకూ, కార్యాలయాలకూ మాదిరి అయింది. మన దేశంలో భూకంపాన్ని చూసి ఇంటి రూపాన్నే మార్చుకున్న మంచి ఉదాహరణ ఇది.

ఉదయం, మధ్యాహ్నం, అర్ధరాత్రి

ఇప్పుడు మూడు భూకంపాలను పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటిది కాంగ్రా. 1905 ఏప్రిల్ 4, ఉదయం ఆరు దాటింది. కొండల్లో ఇంకా చలి ఉంది, జనం ఇళ్లలోనే ఉన్నారు. పరిమాణం సుమారు 7.8. కాంగ్రా, ధర్మశాల పట్టణాల్లో రాతి ఇళ్లు, సైనికుల బారకాసులు, ప్రసిద్ధ వజ్రేశ్వరి ఆలయం కూలిపోయాయి. దాదాపు 20 వేల మంది మరణించారు. షిల్లాంగు భూకంపం కంటే ఇది చిన్నది, మరణాలు మాత్రం పది రెట్లకు పైగా. అదే హిమాచల్ ప్రాంతంలో రాతి వరసల నడుమ దేవదారు దూలాలు అడ్డంగా పరిచి కట్టే పాత పద్ధతి ఉంది. దానిని 'కాఠ్‌కుణీ' అంటారు. ఆ పద్ధతిలో కట్టిన కుల్లు లోయలోని నగ్గర్ కోట నిలబడింది. దూలాలు గోడను నడుముకు కట్టిన పట్టులా పట్టి ఉంచాయి.

రెండవది బీహార్–నేపాల్. 1934 జనవరి 15, మధ్యాహ్నం రెండు దాటింది. పరిమాణం 8 లేదా అంతకంటే ఎక్కువ. ముంగేర్, ముజఫర్‌పూర్, మోతిహారి, సీతామఢి, అవతల ఖాట్మండు లోయ తీవ్రంగా దెబ్బతిన్నాయి. ఉత్తర బీహార్‌లో మైళ్లకొద్దీ నేల బురదలా మారింది. పొలాల్లో ఇసుక, నీరు ఉబికివచ్చాయి, బావులు పూడిపోయాయి. తడి ఇసుక నేల గట్టిగా కుదిపితే ద్రవంలా ప్రవర్తిస్తుంది. అప్పుడు ఇల్లు ఎంత గట్టిదైనా ఒరుగుతుంది, కుంగుతుంది. బీహార్‌లో ఏడు వేలకు పైగా, నేపాల్‌లో ఎనిమిది వేలకు పైగా మరణించారు. రాత్రి వచ్చి ఉంటే ఈ సంఖ్య ఎన్ని రెట్లు ఉండేదో ఊహించవచ్చు. ఎందుకంటే చలికాలపు ఎండలో చాలామంది ఆరుబయట ఉన్నారు.

ఈ భూకంపం చుట్టూ జరిగిన ఒక వాదం మీరు తెలుసుకోదగినది. అప్పుడు అస్పృశ్యతా నివారణ యాత్రలో దక్షిణాదిన ఉన్న గాంధీజీ, బీహార్ విపత్తు అస్పృశ్యత అనే పాపానికి దైవం విధించిన శిక్ష అని భావించి అలాగే చెప్పారు. రవీంద్రనాథ్ ఠాగూర్ దీనిని ఒప్పుకోలేదు. అస్పృశ్యత ఘోరమే గాని, ప్రకృతి సంఘటనకు నైతిక కారణం అంటగడితే ప్రజల్లో అవివేకం పెరుగుతుందని ఆయన ఆందోళన. గాంధీజీ ఆ లేఖను తన 'హరిజన్' పత్రికలోనే ప్రచురించి తన జవాబూ పక్కన ఇచ్చారు. ఇద్దరి మధ్య గౌరవం చెడలేదు. జైలు నుంచి విడుదలైన బాబూ రాజేంద్రప్రసాద్ సహాయ కార్యక్రమాలకు నాయకత్వం వహించారు. ఈ వాదం మనకెందుకంటే, శిక్ష అనుకుంటే పశ్చాత్తాపంతో ఆగిపోతాం. కారణం వెతికితే గోడను మార్చుకుంటాం.

మూడవది క్వెట్టా, ఈనాటి పాకిస్థాన్‌లోని బలూచిస్తాన్ నగరం. 1935 మే 31, తెల్లవారుజామున మూడు గంటలు. పరిమాణం సుమారు 7.7. ఊరంతా గాఢనిద్రలో ఉంది. మట్టితో, ఎండు ఇటుకతో కట్టిన ఇళ్లు నిమిషంలోపే కుప్పలయ్యాయి. మృతులు 30 వేల నుంచి 60 వేల వరకు ఉంటారని అంచనా. బీహార్ భూకంపం కంటే శక్తి తక్కువ, కాని ప్రాణనష్టం ఎక్కువ. గంట మారింది, ఇంటి గోడ మారింది. లెక్క తలకిందులైంది.

నిలబడిన రైల్వే ఇళ్లు

క్వెట్టా కథలో ఒక చిన్న భాగం మన ఇంజనీరింగ్ చరిత్రకు మొదటి పుట. 1931లో అదే ప్రాంతంలోని మచ్ దగ్గర భూకంపం వచ్చింది. రైల్వేలో పనిచేస్తున్న యువ ఇంజనీరు ఎస్.ఎల్. కుమార్ దానిని చూసి, కుదుపును తట్టుకునే రైల్వే క్వార్టర్లను క్వెట్టాలో రూపొందించి కట్టించారు. తన పద్ధతిని 1933లో ఒక పత్రంగా రాశారు. ఏ ప్రాంతంలో ఎంత ప్రమాదమో సూచించే పటాన్ని కూడా అందులో ప్రతిపాదించారు. రెండేళ్లలో పరీక్ష వచ్చింది. ఊరంతా కూలినా ఆ క్వార్టర్లు నిలిచాయి.

దీని అర్థం ఆలోచించండి. ఆ రాత్రి మూడు గంటలకు క్వెట్టా ప్రజలకు ఏ సూచన చెప్పినా ఉపయోగం ఉండేది కాదు. నిద్ర లేచి బల్ల కిందికి దూరేంత సమయం లేదు. దూరినా పైన పడే మట్టిని బల్ల ఆపలేదు. ఆ రాత్రి బతికించినది రెండేళ్ల ముందు పగటిపూట తీసుకున్న నిర్ణయం.

కూలిన నగరాన్ని తిరిగి కట్టేటప్పుడు సైనిక, రైల్వే ఇంజనీర్లు ఈ అనుభవాన్ని నియమాలుగా మార్చారు. గోడల చుట్టూ అడ్డంగా కాంక్రీటు పట్టీ వేయడం, ఇటుక వరసల మధ్య ఖాళీలు వదిలి వాటిలో ఇనుప చువ్వలు నిలపడం అప్పుడే స్థిరపడ్డాయి. ఆ ఇటుక పద్ధతికి 'క్వెట్టా బాండ్' అనే పేరు నేటికీ ఉంది.

స్వాతంత్ర్యం తరువాత మూడవ ఆగస్టు 15న, అంటే 1950లో, జెండా పండుగ ముగిసిన సాయంత్రం అస్సాం–టిబెట్ సరిహద్దుల్లో 8.6 పరిమాణంతో భూకంపం వచ్చింది. నేల మీద నమోదైన అతి పెద్ద వాటిలో ఇదొకటి. కొండచరియలు విరిగి నదులకు అడ్డుపడ్డాయి. సుబన్‌సిరి నదిలో అలా ఏర్పడిన కట్ట కొద్ది రోజుల తరువాత తెగి, దిగువ పల్లెలను ముంచింది. భూకంపం ఆగగానే ప్రమాదం ముగిసినట్టు కాదని ఇది నేర్పింది.

1960లో రూర్కీ విశ్వవిద్యాలయంలో జైకృష్ణ నేతృత్వాన భూకంప ఇంజనీరింగ్ విద్యా పరిశోధనా కేంద్రం మొదలైంది. 1962లో భూకంపాలను దృష్టిలో పెట్టుకుని కట్టడాలు రూపొందించే భారత ప్రమాణం తొలిసారి వెలువడింది. అందులో దేశాన్ని ఏడు మండలాలుగా విభజించారు. 1970లో అవి ఐదయ్యాయి. 2002లో నాలుగయ్యాయి. ఎందుకు మారాయో ఇప్పుడు చూద్దాం, ఎందుకంటే ఈ కథ మన దక్కను నేల మీదిది.

కదలదనుకున్న దక్కను

దక్కను పీఠభూమి పురాతనమైన రాతి నేల. ఇక్కడ భూకంపాలు రావని చాలాకాలం నమ్మాం. 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతంలో 5.4 పరిమాణంతో భూమి కంపించింది. అదే ఏడాది డిసెంబరు 11 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కొయ్నా ఆనకట్ట దగ్గర 6.3 పరిమాణంతో భూకంపం వచ్చి సుమారు 180 మంది మరణించారు. పెద్ద జలాశయంలో నీరు నిలిచినప్పుడు ఆ భారం, రాతి పగుళ్లలోకి ఇంకే నీరు కలిసి భూకంపాన్ని ప్రేరేపించగలవని ప్రపంచానికి తెలియజెప్పిన ముఖ్య ఉదాహరణ కొయ్నా. హైదరాబాదులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు దానిని అధ్యయనం చేశారు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 పరిమాణంతో భూకంపం వచ్చింది. గోదావరి లోయ వెంట భూమిలో పాత పగుళ్లు ఉన్నాయి. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 పరిమాణంతో వచ్చిన ప్రకంపనలను వరంగల్, ఖమ్మం, హైదరాబాదుల్లో ఎంతోమంది అనుభవించారు. అది కొత్త వింత కాదు, పాత కథకు కొనసాగింపు.

ఇక కిల్లారి. 1993 సెప్టెంబరు 30, తెల్లవారుజామున నాలుగు గంటలకు కొద్ది నిమిషాల ముందు. మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాల్లో 6.2 పరిమాణంతో భూకంపం. వినాయక నిమజ్జనం ముగించుకుని జనం అలసి నిద్రపోతున్నారు. దాదాపు 8 వేల మంది చనిపోయారు. మొదట చెప్పుకున్న లెక్క గుర్తు తెచ్చుకోండి. షిల్లాంగు భూకంపంతో పోలిస్తే దీని శక్తి కొన్ని వందల వంతుల్లో ఒకటి మాత్రమే. మరణాలు ఐదు రెట్లు.

అప్పటి పటంలో కిల్లారి అతి తక్కువ ప్రమాదం గల మొదటి మండలంలో ఉంది. ఆ ఊళ్లలో ఇళ్లు ఎలా ఉండేవో మన రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో మట్టి మిద్దెలు చూసినవారికి తేలికగా అర్థమవుతుంది. రెండడుగులకు పైగా మందం గల రాతి గోడ, లోపల అడుసు, పైన దూలాల మీద అడుగుల మందాన మట్టి కప్పు. వేసవిలో చల్లన, చలికాలంలో వెచ్చన. కానీ ఆ గోడ నిజానికి ఒకటి కాదు, రెండు. బయటి రాతి వరస వేరు, లోపలి రాతి వరస వేరు, మధ్యలో చిన్న రాళ్లు, మట్టి. కుదుపుకు రెండు వరసలు విడిపోయి ఉబ్బాయి. పైనున్న టన్నుల బరువు నిద్రలో ఉన్నవారి మీద పడింది. పూరిపాకల్లో పడుకున్న నిరుపేదలు చాలావరకు బతికారు.

పరిష్కారం ఖరీదైనది కాదు. గోడ కట్టేటప్పుడు ప్రతి నాలుగైదు అడుగులకు ఒక పొడవాటి రాయిని రెండు వరసలనూ కలుపుతూ అడ్డంగా పెడితే గోడ విడిపోదు. తలుపుల పైఎత్తున చుట్టూ ఒక లింటెల్ బెల్టు వేస్తే నాలుగు గోడలూ ఒకదానినొకటి పట్టుకుంటాయి. పైకప్పు మట్టి బరువు తగ్గిస్తే ప్రమాదమూ తగ్గుతుంది. 2002లో పటాన్ని సవరించినప్పుడు మొదటి మండలాన్నే తీసివేశారు. అంటే దేశంలో భూకంప భయం బొత్తిగా లేని చోటు ఏదీ లేదని ఒప్పుకున్నట్టు. ఆ పటంలో హైదరాబాదు రెండవ మండలంలోనూ, విజయవాడ, ఒంగోలు, భద్రాచలం మూడవ మండలంలోనూ ఉన్నాయి.

గణతంత్ర దినం, రెండు శనివారాలు

2001 జనవరి 26, ఉదయం 8 గంటల 46 నిమిషాలు. గుజరాత్‌లోని భుజ్ ప్రాంతంలో 7.7 పరిమాణంతో భూకంపం. 13 వేలకు పైగా మరణించారు. అంజార్ పట్టణంలో బడిపిల్లలు జెండాలు పట్టుకుని ఇరుకు సందుల్లో ఊరేగింపుగా వెళ్తున్నారు. ఇరువైపులా ఇళ్లు వారి మీద కూలాయి. పిల్లలు, ఉపాధ్యాయులు కలిసి వందల్లో చనిపోయారు. ఇంట్లో లేకపోతే చాలు, భద్రమే అన్న మాట ఇక్కడ తప్పింది. గోడల మధ్య సందు బయలు కాదు. గోడ ఎత్తుకు మించిన దూరం ఉన్నదే బయలు.

భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో కొత్త అపార్ట్‌మెంట్లు కూలి వందలాది మంది మరణించారు. వాటిలో చాలావాటికి కింది అంతస్తు వాహనాల కోసం ఖాళీగా వదిలినది. పైన గోడలతో నిండిన బరువైన అంతస్తులు, కింద వట్టి స్తంభాలు. కుదుపంతా ఆ స్తంభాల మీదే పడి అవి విరిగాయి. ఈ పంక్తులు చదువుతుండగా మీకు మీ వీధిలోని అపార్ట్‌మెంటు గుర్తుకు వస్తే అది సహజమే. మన పట్టణాల్లో స్టిల్ట్ పార్కింగ్ లేని అపార్ట్‌మెంటు అరుదు. కింద పార్కింగ్ ఉండడమే తప్పు కాదు. ఆ అంతస్తు బలాన్ని ఇంజనీరు విడిగా లెక్కగట్టాలి. స్తంభాల్లో ఇనుప రింగులు దగ్గర దగ్గరగా వేసి, వాటి కొసలను స్తంభం లోపలికి వంచాలి. కొసలు బయట వదిలేస్తే కుదుపుకు రింగు విచ్చుకుంటుంది, స్తంభం పగులుతుంది. అదే కచ్ పల్లెల్లో గుండ్రని మట్టి గోడ, తేలికైన గడ్డి కప్పు గల 'భూంగా' ఇళ్లు ఎన్నో నిలిచాయి. గుండ్రటి గోడకు విడిపోయే మూలలు ఉండవు.

ఇప్పుడు రెండు శనివారాలు. 2005 అక్టోబరు 8, కాశ్మీర్. 7.6 పరిమాణం. ఉదయం వేళ, పాకిస్థాన్ ఆధీనంలోని ప్రాంతంలో శనివారం బడులు నడుస్తున్నాయి. బడి భవనాలు కూలి వేలాది మంది పిల్లలు తరగతి గదుల్లోనే ప్రాణాలు కోల్పోయారు. మొత్తం మృతులు 70 వేలు దాటారు. 2015 ఏప్రిల్ 25, నేపాల్. 7.8 పరిమాణం. మధ్యాహ్నం కావస్తోంది. నేపాల్‌లో శనివారం వారపు సెలవు. వేలాది తరగతి గదులు ధ్వంసమయ్యాయి, వాటిలో పిల్లలు లేరు. మృతులు దాదాపు 9 వేలు. ఒక దేశపు సెలవు దినం ఒక తరాన్ని కాపాడింది. ఖాట్మండు లోయలో అంతకు ముందే అదనపు పట్టీలతో బలపరిచిన బడి భవనాలు మాత్రం సెలవు మీద ఆధారపడకుండా నిలిచాయి. మన పిల్లల ప్రాణాలు క్యాలెండరు చేతిలో ఉండాలా, తాపీ మేస్త్రీ, ఇంజనీరుల చేతిలో ఉండాలా అన్నదే ఇక్కడి ప్రశ్న.

సముద్ర తీరం సంగతి వేరు. 2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా దగ్గర 9.1 పరిమాణంతో సముద్రం అడుగున భూకంపం వచ్చింది. మన తూర్పు తీరాన్ని సునామీ తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంటే సమయం ఉంది, చెప్పే ఏర్పాటు లేదు. ఆ లోటు తీర్చడానికి 2007లో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రంలో సునామీ హెచ్చరిక వ్యవస్థ ప్రారంభమైంది. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది.

ఆ కొద్ది క్షణాల్లో మీరు చేయవలసినది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. భూకంపం ఫలానా రోజు, ఫలానా గంటకు వస్తుందని ముందే చెప్పే పద్ధతి ఇంతవరకు లేదు. అలా చెప్పే పుకార్లను నమ్మకండి. కుదుపు మొదలైన క్షణంలో మీరు ఏ ఇంట్లో ఉన్నారన్నదాన్ని బట్టి నడుచుకోవాలి. ఇది ముందే ఆలోచించుకుని పెట్టుకోవలసిన విషయం.

మీరు పటిష్ఠంగా కట్టిన కాంక్రీటు భవనంలో ఉంటే, ముఖ్యంగా పై అంతస్తుల్లో, పరుగెత్తకండి. ఉన్నచోటే మోకాళ్ల మీద వంగి, గట్టి బల్ల కిందికి చేరి, దాని కాలు పట్టుకోండి. బల్ల లేకపోతే లోపలి గోడ పక్కన కూర్చుని రెండు చేతులతో తల, మెడ కప్పుకోండి. మెట్లు, లిఫ్టు, బాల్కనీ, అద్దాల కిటికీలు, బీరువాలు ప్రమాదం. మంచం మీద ఉంటే అక్కడే ఉండి దిండుతో తల కప్పుకోండి. గుమ్మంలో నిలబడితే భద్రమన్న పాత మాట నేటి ఇళ్లకు వర్తించదు.

మీరు మట్టి గోడల ఇంట్లోనో, అడుసుతో కట్టిన రాతి ఇంట్లోనో, కింది అంతస్తులో తలుపు దగ్గర ఉంటే, రెండు మూడు అంగల్లో ఆరుబయటికి చేరగలిగితే వెంటనే వెళ్లండి. అటువంటి ఇంట్లో బల్ల మిమ్మల్ని కాపాడుతుందని చెప్పలేం. కిల్లారి నేర్పినది అదే.

బయట ఉంటే గోడలకు, కరెంటు స్తంభాలకు, ప్రకటన బోర్డులకు దూరంగా ఖాళీ స్థలంలో నిలబడండి. వాహనం నడుపుతుంటే వంతెనలు, తీగలు లేని చోట పక్కకు ఆపి అందులోనే ఉండండి. కొండ ప్రాంతంలో జారిపడే రాళ్లను కనిపెట్టుకోండి. సముద్రతీరంలో ఉండి నేల గట్టిగా, చాలాసేపు ఊగితే హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా ఎత్తైన చోటికి వెళ్లండి.

కుదుపు ఆగాక గ్యాస్ సిలిండరు కట్టేయండి, మెయిన్ స్విచ్ ఆపండి. గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్ల గీయకండి, ఏ స్విచ్చూ వేయకండి. పగుళ్లిచ్చిన ఇంట్లోకి సామాను కోసం తిరిగి వెళ్లకండి. నేపాల్‌లో మొదటి భూకంపం వచ్చిన పదిహేడు రోజులకు, మే 12న, 7.3 పరిమాణంతో మరొకటి వచ్చి ఇంకా ప్రాణాలు తీసింది. శిథిలాల కింద చిక్కుకుంటే అరిచి శక్తి పోగొట్టుకోక, గొట్టాన్నో గోడనో కొట్టి శబ్దం చేయండి. ఎక్కడైనా మొదట వచ్చి రక్షించేది ఇరుగుపొరుగువారే. ప్రథమ చికిత్స నేర్చుకున్న ఒక్కరు వీధిలో ఉన్నా ఆ మొదటి గంటల్లో ఎంతో మేలు.

మరచిపోకుండా ఉండడం

ఈ చరిత్రలో మనకు పదేపదే కనిపించేది జ్ఞానం లేకపోవడం కాదు, జ్ఞాపకం లేకపోవడం. కచ్ 1819లో కూలింది, మళ్లీ 2001లో కూలింది. ఖాట్మండు 1934లో కూలింది, 2015లో మళ్లీ దెబ్బతింది. మధ్యలో గడిచిన ఎనభై ఏళ్లలో చూసినవారు గతించారు, ఇళ్లు అంతస్తుల మీద అంతస్తులుగా పెరిగాయి. షిల్లాంగు, గువాహటి పట్టణాల్లో అస్సాం తరహా ఇళ్ల స్థానంలో బహుళ అంతస్తుల కాంక్రీటు భవనాలు లేస్తున్నాయి. పెద్ద భూకంపాలు తరానికొకసారి కూడా రావు. అందుకే ప్రతి తరమూ తన కాలంలో రాదనుకుంటుంది.

కాబట్టి ఈ వ్యాసం చదివాక మూడు పనులు చేయండి. ఒకటి, మీ ఊరు ఏ భూకంప మండలంలో ఉందో కనుక్కోండి. రెండు, ఇల్లు కట్టబోతున్నా, కొనబోతున్నా, లింటెల్ బెల్టు ఉందా, కింది అంతస్తు స్తంభాలను భూకంపాన్ని లెక్కలోకి తీసుకుని రూపొందించారా అని ఇంజనీరును అడగండి. గచ్చు రంగు గురించి, వంటగది అల్మరాల గురించి అడిగినంత ఓపికగా దీని గురించీ అడగండి. పాత ఇల్లయితే బలపరచే మార్గం చెప్పమనండి. మూడు, మీ పిల్లలు చదివే బడి భవనం సంగతి తల్లిదండ్రుల సమావేశంలో ఒకసారి ప్రస్తావించండి. బీరువాలను గోడకు బిగించడం, మంచం తల వైపు బరువైన పటాలు తీసేయడం ఈ సాయంత్రమే చేయవచ్చు.

నేల కంపించే గంటను మనం ఎంచుకోలేం. ఆ గంట వచ్చినప్పుడు మన తల మీద ఉండే కప్పు ఎటువంటిదో మాత్రం ఇవాళ ఎంచుకోవచ్చు.